రోగమా? గుణమా?



ఒక పల్లె నుండి ఒక సహోదరి మాకు వ్రాసిన ఉత్తరము ఈ నెల మా శీర్షికకు కారణము. ఆమె పేరుగాని, ఊరుగాని వ్రాయము. ఉత్తరములోని సంగతి మాత్రము ఆమె అనుమతితోనే ఇక్కడ చెప్తున్నాము.

ఆమె భర్తకు యాభై ఆరేళ్ళు. మూడెకరాల రైతు. సంఘములో పెద్ద. పన్నెండేళ్ళుగా కానుకల లెక్క ఆయనే వ్రాస్తున్నాడు. పైసా తేడా రాదని పేరు. నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారము, తెల్లవారుజామున చేలోకి నీళ్ళు మళ్ళించటానికి వెళ్ళినవాడు గట్టు మీద కూలబడ్డాడు. భూమి గిర్రున తిరిగినట్లయింది. ఒకటే వాంతులు. లేపి నిలబెడితే ఒక ప్రక్కకు ఒరిగిపోతున్నాడు. కాలూ చెయ్యీ పడిపోలేదు గనుక అది పక్షవాతమని ఎవరికీ తోచలేదు. పైత్యము చేసిందని నిమ్మకాయ నీళ్ళు త్రాగించి పడుకోబెట్టారు. మరునాడు మాట కూడా ముద్దముద్దగా వచ్చేసరికి భయపడి పట్నము తీసుకొని వెళ్ళారు. అక్కడ స్కానింగు తీసి, తల వెనుక ఉండే చిన్న మెదడుకు రక్తము అందక కొంత భాగము దెబ్బతిన్నదని చెప్పారు.

ప్రాణము నిలిచింది. మూడు నెలలకు కర్ర పట్టుకొని, ఆరు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. సంఘమంతా ఆ ఇంట కృతజ్ఞత కూడిక పెట్టుకున్నది. కష్టము తీరిందనుకున్నారు. కాని అసలు కష్టము అప్పుడే మొదలైందని ఆ సహోదరి వ్రాసింది. ఆమె మాటలు ఇవి:

“నడక వచ్చింది గాని మనిషి రాలేదండీ. మా ఆయన ఎంతో నెమ్మదస్థులు. ఇప్పుడు ఎవరి ముందు ఏ మాట అనకూడదో ఆ మాటే అంటున్నారు. మా ఆడపడుచు మామగారి భూస్థాపనకు వెళితే అందరూ ఏడుస్తుంటే ఈయన నవ్వారు. కొట్టుకు మూడు వస్తువులకు పంపితే ఒకటి తెస్తారు. ముందు కలుపు తీయించాలా, ముందు మందు చల్లించాలా అన్నది తేల్చుకోలేక రోజంతా గట్టు మీద కూర్చుంటారు. కానుకల లెక్క నాలుగుసార్లు కూడితే నాలుగు రకాలుగా వచ్చింది. పుస్తకము విసిరికొట్టారు. మనుమడికి జ్వరమొచ్చినా ఆయన ముఖములో ఏమీ కనబడదు. మాట్లాడితే ఎత్తూ పల్లమూ లేని ఒకే గొంతు. ఊళ్ళో కొందరు చేతబడి అంటున్నారు. చుట్టాలు గాలి సోకిందని తాయెత్తు తెచ్చారు. సంఘములో కొందరు ఆయన భక్తి చల్లారిపోయింది అంటున్నారు. డాక్టరుగారిని అడిగితే, చిన్న మెదడు నడకకు సంబంధించినది, బుద్ధికి కాదు, ఇంట్లో ఏదైనా గొడవ ఉందేమో చూసుకోండి అన్నారు. ఇది రోగమా, గుణమా? మీరైనా చెప్పండి.”

ఈ ప్రశ్న చదివి మేము చాలాసేపు ఊరుకుండిపోయాము. ఎందుకో చివర వ్రాస్తాము. ముందు ఆ సహోదరికి ఇవ్వవలసిన జవాబు చూద్దాము.

చిన్న మెదడు ఎక్కడున్నది?

మీ చేతిని తల వెనుకకు పోనిచ్చి, మెడ మొదలైన చోటికి కాస్త పైన తాకి చూడండి. అక్కడ గట్టిగా తగిలే ఎముక లోపల, పెద్ద మెదడుకు అడుగున, వెనుకగా చిన్న మెదడు ఉన్నది. తూచితే సుమారు 150 గ్రాములు. అంటే మొత్తము మెదడు బరువులో పదవ వంతు. అందుకే దానికి ఆ పేరు వచ్చింది.

పేరుకు చిన్నదే గాని అది చిన్నది కాదు. 2009లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు మనిషి మెదడులో ఉన్న నరాల కణాలను లెక్కించారు. మొత్తము సుమారు 8,600 కోట్లు. అందులో సుమారు 6,900 కోట్లు చిన్న మెదడులోనే ఉన్నట్లు తేలింది. మిగిలిన మెదడంతటిలో ఉన్నవి అయిదవ వంతే. పైగా దాని పొర ఎన్నో సన్నని మడతలుగా మడిచి ఉంటుంది. మడిచి పెట్టెలో సర్దిన పంచె చేతిలో ఇమిడినా, విప్పి పరిస్తే మంచమంతా కప్పుతుంది గదా! అలాగే చిన్న మెదడు మడతలు విప్పితే, పెద్ద మెదడు పైపొర వైశాల్యములో దాదాపు 80 శాతము వస్తుందని 2020లో కొలిచి చెప్పారు. ఇంత పెద్ద కొట్టు కేవలము కాళ్ళూ చేతులూ కదిలించటానికేనా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

పూర్వము ఏమనుకున్నారు?

చాలాకాలము అందుకేనని అనుకున్నారు. దానికి కారణము లేకపోలేదు. 1824లో ఫ్రాన్సు దేశములో ఫ్లూరాన్స్ అనే శాస్త్రజ్ఞుడు పావురాల చిన్న మెదడును కొద్దికొద్దిగా తొలగించి ఏమి జరుగుతుందో వ్రాశాడు. ఆ పావురాలు చూడగలవు, వినగలవు. రెక్కలలో బలమూ ఉన్నది. కాని ఎగరబోతే ఎగరలేవు, నడవబోతే తూలిపోతాయి. బలము పోలేదు, పొందిక పోయింది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధకాలములో గార్డన్ హోమ్స్ అనే బ్రిటిష్ డాక్టరు, తల వెనుక తుపాకి గుండు దెబ్బలు తగిలిన సైనికులను పరీక్షించి, వారి చేతులు గురి తప్పటము, నడక తూలటము, మాట తడబడటము ఎంతో వివరముగా వ్రాశాడు. ఆయన వ్రాతలే డాక్టర్లకు పాఠమయ్యాయి.

ఇప్పటికీ నరాల డాక్టరు దగ్గరకు వెళితే, “నా వేలు తాకి, నీ ముక్కు తాకు” అంటాడు. చిన్న మెదడు దెబ్బతిన్నవారి వేలు ముక్కును దాటి చెంపకు తగులుతుంది, లేదా అందక ఆగిపోతుంది. దీనినే కొలత తప్పటము అంటారు. నిండు బిందె నడుమున పెట్టుకొని గట్టు మీద నడిచే అమ్మాయి ఒక చుక్క ఒలకకుండా ఇంటికి చేరుతుందంటే, అడుగడుగునా ఎంత వంగాలో, ఎంత ఒరగాలో చిన్న మెదడు సవరిస్తూ ఉన్నది గనుకనే. సైకిలు నేర్చుకున్నప్పుడు మొదట పడి, తరువాత ఆలోచించకుండా తొక్కగలగటము కూడా దాని పుణ్యమే.

ఇదంతా నిజము. అయితే ఇది సగము నిజము.

మిగిలిన సగము

1986లో అమెరికాలో హెన్రియెటా లైనర్, ఆమె భర్త ఆలన్ లైనర్, రాబర్ట్ డౌ అనే ముగ్గురు కలిసి, చిన్న మెదడు మనస్సు చేసే పనులలో కూడా సహాయపడుతున్నదేమో అని ఒక వ్యాసము వ్రాశారు. చాలామంది నమ్మలేదు. 1980ల చివర సెయింట్ లూయిస్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో ఒక పరీక్ష చేశారు. మెదడులో ఏ భాగము పని చేస్తున్నదో చూపించే స్కానింగులో మనుషులను పడుకోబెట్టి, ఒక వస్తువు పేరు చెప్పి, దానితో చేసే పని చెప్పమన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, కొడవలి అంటే కోయటము, చీపురు అంటే ఊడ్వటము. ఊరకనే విన్న మాటను తిరిగి చెప్పినప్పటికంటె, ఇలా తగిన మాట వెదకి చెప్పినప్పుడు చిన్న మెదడు కుడి ప్రక్క ఎక్కువగా పని చేసింది. నోరు కదలటము రెండింటిలోనూ ఒకటే. తేడా ఆలోచనలో ఉన్నది.

కుడి ప్రక్కే ఎందుకని అడుగుతారేమో! చిన్న మెదడు కుడి సగము పెద్ద మెదడు ఎడమ సగముతో జతపడి ఉంటుంది. చాలామందికి భాష పెద్ద మెదడు ఎడమ సగములోనే ఉంటుంది. 1994లో మిడిల్టన్, స్ట్రిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోతులలో నరాల దారులను వెదకి, చిన్న మెదడు నుండి నుదుటి వెనుకనున్న భాగానికి దారి ఉన్నదని చూపించారు. ముందు చూపు, ఏది ముందు ఏది వెనుక అన్న నిర్ణయము, నోటిని అదుపులో పెట్టుకోవటము — ఇవన్నీ ఆ నుదుటి వెనుక భాగము చూసే పనులు.

1998లో అసలు సంగతి రోగుల మంచాల ప్రక్కనే తేలింది. బోస్టన్ నగరములోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పని చేసే జెరెమీ ష్మాహ్‌మన్ అనే నరాల డాక్టరు, జానెట్ షెర్మన్ అనే మనస్తత్వ నిపుణురాలు, చిన్న మెదడుకు మాత్రమే జబ్బు చేసిన 20 మందిని ఏడేళ్ళ కాలములో పరీక్షించి వ్రాశారు. వారిలో కనబడిన మార్పులు నాలుగు రకాలు.

మొదటిది, పనిని వరుస పెట్టుకోలేకపోవటము. రెండు విషయాలు ఒకేసారి మనస్సులో పట్టి ఉంచలేరు. ఒక ఆలోచన నుండి మరొక ఆలోచనకు మళ్ళలేరు.

రెండవది, చోటు, ఆకారము, దిక్కు తెలియటములో పొరపాట్లు. బొమ్మ చూసి గీయమంటే ముక్కలు ముక్కలుగా గీస్తారు.

మూడవది, మాటలో మార్పు. తగిన మాట తోచదు. వాక్యము సరిగా కూర్చలేరు. గొంతులో హెచ్చుతగ్గులు పోతాయి.

నాలుగవది, స్వభావములో మార్పు. కొందరు ఏ సంతోషమూ దుఃఖమూ లేనట్లు మొద్దుబారిపోతారు. కొందరు చిన్నపిల్లలవలె తగని మాటలు, తగని నవ్వులు, తగని చేష్టలు చేస్తారు. ఒకే మనిషిలో ఈ రెండూ కూడా కనబడవచ్చు.

సహోదరి ఉత్తరాన్ని ఈ నాలుగు రకాల ప్రక్కన పెట్టి చూడండి. కొట్టులో మరచిపోయిన రెండు వస్తువులు, కలుపా మందా అన్న సందిగ్ధము, ఒకే గొంతు, భూస్థాపనలో నవ్వు. ఆమె ఏ వైద్యగ్రంథమూ చదవలేదు. అయినా తన ఇంట్లో చూసినది చూసినట్లు వ్రాసింది. ఈ జబ్బును ఇప్పుడు ఆ డాక్టరు పేరు మీద ష్మాహ్‌మన్ సిండ్రోమ్ అని కూడా పిలుస్తారు. దీనిని పది నిమిషాలలో పరీక్షించే పద్ధతి 2018లో వెలువడింది. చాలామంది డాక్టర్లు చదువుకున్న రోజులలో ఈ విషయము పాఠాలలో లేదు. అందుచేత ఆమెకు జవాబు చెప్పిన డాక్టరుగారిని మేము తప్పుపట్టము.

ఉప్పు కొలత

నడకను సవరించే భాగము నవ్వునెలా సవరిస్తుందని సందేహము రావచ్చు. చిన్న మెదడంతటా నరాల అల్లిక దాదాపు ఒకే విధముగా ఉంటుంది. దానికి తెలిసిన పని ఒకటే: అనుకున్నదానికీ జరుగుతున్నదానికీ తేడా చూసి సరిచేయటము. చేతిని కదిలించే భాగము నుండి వార్త వస్తే చేతిని సరిచేస్తుంది. ఆలోచన నుండి వస్తే ఆలోచనను, భావము నుండి వస్తే భావమును సరిచేస్తుంది. చేయి కొలత తప్పినట్లే ఆలోచన కూడా కొలత తప్పవచ్చునని ష్మాహ్‌మన్ గారి భావన.

వంట చేసే తల్లులకు ఇది బాగా తెలుస్తుంది. కూరకు ఉప్పే ఆధారము కాదు. వంకాయా, నూనే, కారమూ అన్నీ ఉండి ఉప్పు కొలత తప్పితే ఎవరూ తినలేరు. ఆ రైతుకు బుద్ధి ఉన్నది, జ్ఞాపకాలు ఉన్నాయి, భార్య మీద ప్రేమా ఉన్నది. వాటిని తగిన వేళకు, తగినంత మాత్రమే బయటకు తెచ్చే కొలత దెబ్బతిన్నది.

మరి ఆయనకు నడక వచ్చి, ఇది ఎందుకు రాలేదు? చిన్న మెదడులో ముందు భాగము ముఖ్యముగా కాళ్ళూ చేతుల పొందిక చూస్తుంది. వెనుక భాగము ఆలోచన, మాటల విషయము చూస్తుంది. నడిమి పట్టీకి భావోద్వేగాలతో సంబంధము ఎక్కువ. దెబ్బ ఎక్కడ తగిలితే ఆ లోపమే పైకి కనబడుతుంది. కనుక చక్కగా నడిచే మనిషికి స్వభావము మారి ఉండవచ్చు. తూలుతూ, మాట ముద్దగా వచ్చే మనిషికి బుద్ధి పదునుగా ఉండవచ్చు. తూలేవారినందరినీ త్రాగి వచ్చారనుకోవటము, మాట తడబడినవారినందరినీ తెలివితక్కువవారనుకోవటము ఎంత అన్యాయమో ఆలోచించండి.

పిల్లల విషయము

పిల్లలకు వచ్చే మెదడు గడ్డలలో చాలా భాగము తల వెనుక, చిన్న మెదడు ఉన్న చోటనే వస్తాయి. మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ వాటిలో ఒకటి. ఆపరేషను చేసి గడ్డ తీసిన తరువాత, బిడ్డ మేలుకొని ఒకటి రెండు రోజులు మాట్లాడి, ఉన్నట్టుండి మాట మానివేయవచ్చు. అటువంటి ఆపరేషను జరిగిన పిల్లలలో సుమారు నలుగురిలో ఒకరికి ఇలా జరుగుతుంది. బిడ్డ వింటాడు, చూస్తాడు, కాని పలకడు. ఊరకనే ఏడుస్తాడు, ఎత్తుకున్నా ఊరడిల్లడు. వారాలో, నెలలో గడచిన తరువాత మాట తిరిగి వస్తుంది. అయితే కొంతకాలము నెమ్మదిగా, సాగదీసినట్లు ఉంటుంది. బడిలో వెనుకబడటము, తొందరగా కోపము రావటము ఆ తరువాత కూడా ఉండవచ్చు. అటువంటి బిడ్డను మొండివాడని కొట్టవద్దు. ఉపాధ్యాయునితో సంగతి చెప్పండి.

నెలలు నిండక ముందే పుట్టిన పిల్లల విషయము కూడా ఇక్కడ చెప్పాలి. గర్భములో చివరి మూడు నెలలలో చిన్న మెదడు చాలా వేగముగా పెరుగుతుంది. మరీ ముందుగా పుట్టి, చిన్న మెదడులో రక్తస్రావము జరిగిన పిల్లలలో కొందరికి తరువాత మాటలు ఆలస్యము కావటము, నలుగురితో కలవలేకపోవటము కనబడింది. ఇది తల్లి తప్పు కాదు. అటువంటి పిల్లలను క్రమముగా పిల్లల డాక్టరుకు చూపించి, ఆలస్యము కనబడగానే శిక్షణ మొదలుపెట్టాలి.

ఇంట్లో ఏమి చేయాలి?

సహోదరికి మేము వ్రాసిన సలహాలు ఇవి. ఇటువంటి కష్టములో ఉన్న ప్రతి ఇంటికీ పనికి వస్తాయి.

ఒక నోటు పుస్తకము పెట్టండి. ఏ రోజు ఏమి జరిగిందో, ఏ పని చేయలేకపోయారో రెండు మాటలలో వ్రాయండి. “మనిషి మారిపోయాడు” అంటే డాక్టరుకు అర్థము కాదు. “మూడు వస్తువులకు ఒకటి తెచ్చారు” అంటే అర్థమవుతుంది. ఆ పుస్తకము నరాల డాక్టరుకు చూపించి, ఆలోచనను కూడా పరీక్షించమని అడగండి. దిగులు, కోపము, తగని నవ్వులకు కొన్ని మందులు ఉన్నాయి. మాటకు, రోజువారీ పనులకు శిక్షణ ఇచ్చేవారు పెద్ద ఆసుపత్రులలో ఉంటారు.

ఒకసారి ఒకే పని చెప్పండి. మూడు వస్తువులకు పంపితే చీటీ వ్రాసి జేబులో పెట్టండి. లేవటము, స్నానము, భోజనము, పొలము ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో జరగనివ్వండి. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట ఆయన త్వరగా అలసిపోతారు.

డబ్బు, సంతకాల విషయములో ఆయన ప్రక్కన ఎప్పుడూ మరొకరు ఉండాలి. ఆయనను తీసివేసినట్లు కాకుండా, తోడు ఇచ్చినట్లు చేయండి.

తగని మాట అన్నప్పుడు నలుగురిలో గద్దించవద్దు. చేయి పట్టుకొని మెల్లగా ప్రక్కకు తీసుకొని వెళ్ళండి. ఇంటికి వచ్చేవారికి ముందే చెప్పండి: ఇది ఆయన జబ్బులో భాగము, మనస్సులో పెట్టుకోవద్దు అని.

తాయెత్తులకు, భూతవైద్యులకు డబ్బు పోయవద్దు. ప్రార్థన చేసేవారు ప్రార్థన చేయండి, మాత్ర మాత్రము ఆపవద్దు. జబ్బును పాపానికి ముడిపెట్టి ఆ ఇంటివారిని మరింత కృంగదీయవద్దు.

చూసుకొనే భార్యను కూడా చూసుకోవాలి. రోజంతా ఇటువంటి మనిషితో గడపటము ఎంత అలసటో చూసేవారికి తెలియదు. స్త్రీల సమాజమువారు వారానికి రెండు పూటలు ఆయన దగ్గర కూర్చొనే ఏర్పాటు చేస్తే, ఆమె నిద్రపోతుంది, సంతకు వెళ్ళివస్తుంది. వంద ఓదార్పు మాటలకంటె అది మేలు.

పూర్వపు మనిషి పూర్వమువలెనే తిరిగి వస్తాడని మేము మాట ఇవ్వలేము. మొదటి నెలలలో మేలు త్వరగా కనబడుతుంది, తరువాత నెమ్మదిగా సాగుతుంది. ఎంత మేలు కలుగుతుందన్నది దెబ్బ ఎంత పెద్దది, ఎక్కడ తగిలింది అన్నదాని మీద ఉంటుంది.

ముందు జాగ్రత్త

ఉన్నట్టుండి తల తిరిగి, వాంతులై, నిలబడలేకపోతే, ఒకటి రెండుగా కనబడితే, మాట ముద్దగా వస్తే, తల వెనుక ఎన్నడూ లేని నొప్పి వస్తే, పైత్యమని ఇంట్లో ఉంచవద్దు. ప్రతి తలతిప్పూ పక్షవాతము కాదు. కాని మనిషి నిలబడలేకపోతున్నాడంటే అది తేలికగా తీసుకోవలసినది కాదు. వెంటనే 108కి ఫోను చేసి, స్కానింగు ఉన్న ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. లక్షణాలు మొదలైన సమయము గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెప్పండి. మొదట తీసిన సి.టి. స్కానింగులో చిన్న మెదడు దెబ్బ కనబడకపోవచ్చు. ఎం.ఆర్.ఐ.లో బాగా తెలుస్తుంది. మొదటి నాలుగైదు రోజులలో చిన్న మెదడు వాచి, ప్రాణాపాయము రావచ్చు. రోగి మత్తుగా పడి ఉంటే నిద్రపోతున్నాడని ఊరుకోక వెంటనే నర్సును పిలవండి.

రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవారు మాత్రలు మానవద్దు. చుట్ట, బీడీ మానండి. ఏళ్ళ తరబడి సారా త్రాగేవారికి చిన్న మెదడు కృశించిపోతుంది. త్రాగని రోజున కూడా నడక తూలటానికి అదే కారణము. వేసవి కాలములో వడదెబ్బ తీవ్రముగా తగిలితే చిన్న మెదడులోని పర్కింజీ కణాలు ఆ వేడికి చచ్చిపోతాయి. బ్రతికి బయటపడినవారిలో కొందరికి తూలుడు, ముద్దమాట మిగిలిపోతాయి. మే నెల ఎండలో మధ్యాహ్నపు పని మానుకోండి. మూర్ఛలకు ఫెనిటాయిన్ మాత్రలు వాడేవారు డాక్టరుకు చూపించుకోకుండా ఏళ్ళ తరబడి అదే మోతాదు మ్రింగవద్దు, సొంతముగా మానవద్దు కూడా. మోతాదు మించితే ఆ మందు కూడా చిన్న మెదడుకు చెరుపు చేస్తుంది.

చివరి మాట

ఉత్తరము చదివి మేము ఎందుకు ఊరుకుండిపోయామో చెప్తామన్నాము. చాలా ఏళ్ళ క్రితము మా సంఘములో ఒక పెద్దాయన ఉండేవాడు. తల వెనుక గడ్డకు ఆపరేషను చేయించుకొని వచ్చాడు. కుట్లు మానాయి, నడక బాగుపడింది. కాని ఆరాధన మధ్యలో లేచి పెద్దగా మాట్లాడేవాడు, ఒకసారి ఒక విధవరాలిని అందరి ముందు ఎగతాళి చేశాడు. గర్వము పట్టిందన్నాము. పెద్దల కూడికలో ఆయనను నిలబెట్టి మాట్లాడినవారిలో మేమూ ఉన్నాము. ఆయన ఏమీ అనలేదు, ముఖములో ఏ భావమూ లేకుండా నిలబడ్డాడు. అది చూసి పశ్చాత్తాపము కూడా లేదని మరింత కోపగించుకున్నాము. ఆ తరువాత ఆయన గుడికి రాలేదు. మేము వెళ్ళి పిలవలేదు. మూడేళ్ళకు చనిపోయాడు. ఈ సంగతులన్నీ మేము చదివి తెలుసుకొనేసరికి, క్షమించమని అడగటానికి ఆయన లేడు. ఈ మధ్య ఆయన కుమారుని ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాము. అతడు చాలాసేపు నేల చూస్తూ కూర్చొని, “మా అమ్మ బ్రతికి ఉండగా వచ్చి చెప్పి ఉంటే బాగుండేదండీ” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

చెడ్డ మాటలన్నీ మెదడు జబ్బువల్లనే వస్తాయని మేము చెప్పటము లేదు. కాని నిన్నటి వరకు నెమ్మదిగా ఉన్న మనిషి, తలకు జబ్బు చేసిన తరువాత మారిపోతే, తీర్పు చెప్పకముందు ఒకసారి తల వెనుక చేయి పెట్టి ఆలోచించండి.

అమ్మా, నీ ప్రశ్నకు మా జవాబు ఇది: ఇది రోగమే. నీ భర్త గుణము నీకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. దానినే నమ్ము.

పోయిన వారము ఆ సహోదరి దగ్గర నుండి మరొక ఉత్తరము వచ్చింది. ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆదివార బడి పిల్లవాడొకడు ఆయన ప్రక్కన కూర్చుంటున్నాడట. నోట్లు ఆయన లెక్కపెడతాడు, అంకెలు పిల్లవాడు వ్రాస్తాడు. లెక్క ఒకసారికే సరిపోయిన రోజున ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడని వ్రాసింది.